అజాన్‌కు అర్థం కాని ప్రోటీన్

మా ప్రొఫెసర్ విరోట్ గారికి ఒక విషయం ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. అది ఆయన ఏళ్ల తరబడి మాకు చెబుతున్న పాఠమే కావడం మా ఖర్మ. ఖోన్‌కెన్ ఊళ్లోని మా ప్రయోగశాలలో అందరి పనీ ఒక్కటే: కణం నడుమనున్న కేంద్రకంలోంచి తలా ఒక ప్రోటీన్ బయటికెలా వస్తుందో కనుక్కోవడం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన తన జిగురన్నం బుట్టను మధ్యలో పెట్టేవారు. అదే కేంద్రకం.

“దావ్, నాకు మళ్లీ తికమకగా ఉంది. చెప్పమ్మా.”

దావ్ మా అందరికంటే తెలివైనది. కొత్తవాళ్ల ముందు మాత్రం గొంతు పెగలదు. గురువుని మేమంతా పిలిచినట్టే అజాన్ అని పిలిచి, ఓ వేరుశెనగ గింజ చూపించేది. “ఇది ప్రోటీన్, అజాన్. ఈ ఎర్ర పొట్టు బయటికి పోవడానికి గుర్తు. ఈ అన్నం ముద్ద ఎక్స్‌పోర్టిన్, గుర్తు చూసి పట్టుకుంటుంది. మిరపకాయ రాన్. అది తోడుంటేనే పట్టు నిలుస్తుంది. గుమ్మం దాటాక రాన్ దగ్గరున్న జీటీపీ అనే అణువు విరుగుతుంది, పట్టు వదిలిపోతుంది.”

“బాగుంది. మరి ప్రోటీన్ ఏది?”

“మీరు తినేశారు, అజాన్.”

“అందుకే అర్థం కాలేదు. మొదట్నించి చెప్పు.”

రోజూ ఇదే తంతు. ఒకసారి మిరపకాయ కూడా నమిలేసి, కళ్లనీళ్లు పెట్టుకుని, “రాన్ ఇంత ఘాటా?” అన్నారు. ఈయనకు ఉద్యోగం ఎవరిచ్చారా అని నాకు నిజంగానే అనుమానం వచ్చింది. చివరికి పొట్టు గింజదో మిరపకాయదో నాకే తెలియకుండా పోయింది.

దావ్ పీహెచ్‌డీ పరీక్షకు బ్యాంకాక్ నుంచి ఒకావిడ వచ్చింది. నవ్వడం తెలియని మనిషి. “గుర్తు తీసేస్తే నీ ప్రోటీన్ కేంద్రకంలోనే ఉండిపోయింది, సరే. బయటికి తీసుకెళ్లేది లేక ఉందా, లోపల దేనికైనా అతుక్కుపోయి ఉందా?”

దావ్ చేతిలోని కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పసాగింది. పాపం, ఇన్నేళ్ల కష్టం నీళ్లపాలైనట్టే అనుకున్నాను.

అజాన్ సంచిలోంచి వేరుశెనగలతో సహా బుట్ట తీసి బల్ల మీద పెట్టారు. “క్షమించాలి, ప్రశ్న నాకు అర్థం కాలేదు. దావ్, మొదట్నించి చెప్పమ్మా.”

దావ్ చేతులు వాటంతటవే గింజ అందుకున్నాయి. “పొట్టు తీస్తే అన్నం పట్టుకోదు, అజాన్. లోపలే ఉంటుంది. అందుకని వేరే ప్రోటీన్‌కున్న గుర్తు తెచ్చి దీనికి అతికించాను. బయటికొచ్చేసింది. అతుక్కుపోయుంటే వచ్చేదా? తినకండి, ఇంకా అవలేదు.”

ఆవిడ నవ్వేసింది. దావ్ గట్టెక్కింది.

బయటికొచ్చాక నేను ఆయన్ని నిలదీశాను. “ఇన్నాళ్లూ నాటకమా, అజాన్?”

“నాటకమేంటి? దావ్ ప్రోటీన్ ఇవాళే పూర్తిగా అర్థమైంది.” వరండా బెంచీ మీద కూర్చుని బుట్ట నా ముందుకు జరిపారు. “వచ్చే నెల నీ పరీక్ష కదూ? నీ ప్రోటీన్ సంగతే బొత్తిగా తెలియట్లేదు. కూర్చో.”

ఆయన మీద ఎంత ఇష్టం పుట్టిందో చెప్పలేను. కూర్చుని ఒక గింజ తీసుకుని, ఆయన చేతికి అందకుండా పట్టుకున్నాను.