వానకు ముందు పెట్టిన మీటింగు

ఆ రోజులను తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది. నవ్వు సగంలో ఉండగానే ఒక తడిసిన వడ్ల కుప్ప గుర్తొచ్చి నోరు దానంతటదే మూతపడుతుంది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. (సగమే ఎందుకంటే, లెక్కల సారూ నేనూ ఒకరినొకరం భరించలేకపోయాం. ఇద్దరిలో జీతం లేనివాణ్ణి నేనే కాబట్టి నేనే వెళ్లిపోయాను.) చదువు తక్కువైనా నోరు మాత్రం ఎక్కువే ఉండేది. నలుగురు నిలబడ్డ చోట నేనొక మాట అంటే ముగ్గురు నవ్వాలి, నాలుగోవాడు ఏడవాలి. ఆ నోరు చూసే మా సహకార సొసైటీ సెక్రటరీ సారు నన్ను వడ్ల కొనుగోలు కేంద్రానికి సూపర్‌వైజర్‌గా పెట్టాడు. మాట్లాడేవాడు పని చేయిస్తాడని ఆయన నమ్మకం. అది తప్పని రుజువు చేయడానికి నాకు ఒక్క యాసంగి సరిపోయింది.

మా కేంద్రం బాన్సువాడ నుంచి పిట్లం వెళ్లే రోడ్డు పక్కన ఉండేది. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక ఖాళీ జాగా, ఒక రేకుల షెడ్డు, దాని ముందు సిమెంటు గచ్చు, తూకానికి ఒక కాంటా, తేమ చూసే చిన్న మిషను, పదకొండు మంది హమాలీలు. రైతులు వడ్లు తెచ్చి కుప్ప పోసి, ఆరబెట్టి, కాంటా వంతు కోసం రోజుల తరబడి ఆ కుప్పల పక్కనే కాపు కాసేవాళ్లు. హమాలీల మేస్త్రీని అందరూ చాచా అనేవాళ్లు. అరవై దగ్గర పడ్డ మనిషి, మాట చాలా తక్కువ. ఎండాకాలంలో వచ్చే యాసంగి కోతలప్పుడు వాన చెప్పి రాదు, అందరి కుప్పలకూ సరిపడా టార్పాలిన్ కవర్లు ఏ ఏడూ ఉండవు. అందుకని మబ్బు పట్టగానే చాచా లేచి, జాగా అంతా ఒకసారి నడిచి, భుజం మీది తువ్వాల తీసి ఒక కుప్ప మీద వేసేవాడు. హమాలీలు ముందు దాన్ని కప్పేవాళ్లు. తర్వాత తువ్వాల ఇంకో కుప్ప మీదికి పోయేది. కవర్లు అయిపోయేదాకా అదే వరస. ఏ కుప్ప పల్లంలో ఉంది, ఏది ఆరిపోయి కాంటాకు సిద్ధంగా ఉంది, ఏది ఇంకొక తడుపుకు ఓర్చుకుంటుంది, అన్నీ ఆయన మనసులోనే ఉండేవి. తువ్వాల పడని కుప్పల వాళ్లు ఆయనను నానా మాటలూ అనేవాళ్లు. తెల్లారి వాళ్లే పిలిచి చాయ్ తాపేవాళ్లు. ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. దాన్ని ఆపినవాడు ఎవరో మాత్రం అందరికీ తెలుసు.

నిజామాబాద్‌లో రెండు రోజుల లీడర్‌షిప్ శిక్షణ ఉంది, కేంద్రాల బాధ్యులు రావాలని కబురొచ్చింది. వెళ్లవలసింది సెక్రటరీ సారు. ఆయన కూతురి నిశ్చితార్థం అదే రోజున పడింది కాబట్టి నాయకత్వం నా మీద పడింది. హైదరాబాద్ నుంచి వచ్చిన కోచ్ సారు మంచివాడే, అబద్ధం చెప్పకూడదు. నా చదువు సంగతి విన్నాక కూడా నన్ను ‘లీడర్’ అనే పిలిచాడు. (మా నాయన అంతకుముందు పిలిచిన పేర్లు ఇక్కడ రాయదగినవి కావు.) మొదటి రోజు మమ్మల్ని కళ్లు మూసుకుని వెనక్కి పడిపొమ్మన్నాడు. వెనకవాడు పట్టుకుంటాడని నమ్మాలట. నా ముందు నిలబడ్డది ఒక రైస్‌మిల్లు మేనేజరు, నిలువునా అడ్డంగా ఒకే కొలత. ఆయన నన్ను నమ్మాడు. ఆ నమ్మకాన్ని నా నడుము మూడు రోజులు మోసింది. రెండో రోజు అసలు పాఠం చెప్పాడు. లీడర్ అనేవాడు జవాబు చెప్పకూడదు, ప్రశ్న అడగాలి. పని ఎట్లా చేయాలో పని చేసేవాళ్లకే తెలుసు. అందరినీ గుండ్రంగా నిలబెట్టి అడగాలి, అందరూ ఒప్పుకున్నాకే కదలాలి. నేను అది నోట్‌బుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. అది ఎప్పుడు చేయాలో, ఎప్పుడు చేయకూడదో కూడా ఆయన చెప్పే ఉంటాడు. ఆ సమయానికి భోజనాల గది నుంచి బగారన్నం వాసన వస్తోంది.

మరునాడు పొద్దున్నే మెడలో శిక్షణవాళ్లిచ్చిన బిళ్ల వేసుకుని హమాలీలను గుండ్రంగా నిలబెట్టాను. ఒక్కొక్కరి లక్ష్యం ఏమిటో చెప్పమన్నాను. మహారాష్ట్రలోని దెగ్లూర్ నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడిన ఒకతను ఉండేవాడు, అందరికీ బావే. తన లక్ష్యం నేను ఈ ముచ్చట జల్దిగా ఆపడమేననీ, ఎండ ముదరక ముందే లారీ నింపాలనీ చెప్పాడు. లారీ ఎక్కడ పెట్టించాలో అడిగాడు.

“నీకేమనిపిస్తుంది బావా?” అన్నాను, నేర్చుకున్నది నేర్చుకున్నట్టుగా.

“నాకైతే నీ కాలు మీదికెల్లి పోనియ్యాలనిపిస్తుంది.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కొత్త పద్ధతికి మొదట్లో ఎదురు మాటలు సహజమని నోట్‌బుక్కులో ఉంది. నవ్వులు ఆగాక, ఇక నుంచి తువ్వాల వేయడం బంద్ అనీ, ఏ కుప్ప కప్పాలో అందరం కలిసి మాట్లాడుకుందామనీ చాచాతో చెప్పాను. ఒక్క మనిషి తనకు తోచినట్టు నిర్ణయించడం పాత కాలపు పద్ధతి అని కూడా అన్నట్టు గుర్తు. చాచా నా మెడలోని బిళ్ల వంక కాసేపు చూసి, “అచ్ఛా బేటా” అని తువ్వాల మడిచి చంకలో పెట్టుకున్నాడు. చాలా సులభంగా ఒప్పుకున్నాడని ఆ రోజంతా పొంగిపోయాను.

అప్పుడు మా కేంద్రంలో ఏడు కుప్పలు ఉండేవి. ఏడోది ఒక అక్కది. భర్త లారీ మీది నుంచి పడి నడుము దెబ్బతిని ఇంట్లోనే ఉంటే, ఆమె రుద్రూర్ ఆసామి దగ్గర మూడెకరాలు కౌలుకు పట్టి మొదటిసారి సొంతంగా పండించింది. ఆడమనిషి కౌలు చేయడమేమిటని నవ్విన మరుదులే అదే భూమి కోసం ఆసామి చుట్టూ తిరుగుతున్నారు. ఈ పంట తేడా లేకుండా కాంటా దాటితే వచ్చే ఏడు కూడా భూమి నీకేనని ఆసామి ఆమెకు మాటిచ్చాడు. పదకొండు రోజులుగా కాళ్లతో ఆ వడ్లను తిరగేస్తూ ఆరబెట్టింది. చివరికి మిషను సరే అంది, మరునాటికి కాంటా వంతు ఖాయమైంది. కౌలు వాళ్లు భూమి ఆసామి పాస్‌బుక్కు జిరాక్సు పెట్టాలి. దాని కోసం రుద్రూర్ వెళ్తూ నా దగ్గర ఆగింది.

“తమ్మీ, నేనొచ్చేదాక నా వడ్లు జర చూస్తవా?”

“నేను చూడకుంటే ఎవలు చూస్తరక్కా, లీడర్‌ను” అన్నాను. ఆమె నవ్వి ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం మూడు దాటాక మహారాష్ట్ర దిక్కు నుంచి మబ్బు లేచింది. కుప్పలు ఏడు, కవర్లు నాలుగు. చాచా అలవాటుగా లేచి చంకలోని తువ్వాల మీద చెయ్యి వేశాడు. వేసి, నా వంక చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ అట్లాగే కనబడుతుంది. ఒక్క తల ఊపితే సరిపోయేది. నేను చప్పట్లు కొట్టి అందరినీ సర్కిల్‌లోకి రమ్మన్నాను.

వచ్చారు. ఏ కుప్పలు ముందు కప్పాలని మీరనుకుంటున్నారు అని అడిగాను. ఆరుగురు రైతులు ఆరు కుప్పలు చూపించారు. ఎవరిది వారికి ముద్దు. కారణాలు చెప్పండన్నాను. ఒకాయన తన వడ్లు సన్నవని, ఇంకొకాయన తన కుప్ప పెద్దదని, మరొకాయన తన బావమరిది మండలంలో పెద్ద మనిషని చెప్పాడు. చేతులెత్తించాను. ఎవరికి వారే ఎత్తుకున్నారు, ఒకాయన రెండు చేతులు ఎత్తాడు. హమాలీలను అడిగితే వాళ్లు చాచా వంక చూశారు, చాచా నేల వంక చూశాడు. నేను షెడ్డు బయట వేలాడే ధరల బోర్డు మీద సుద్దతో కుప్పల నంబర్లు రాసి, ఒక్కోదాని పక్కన గీతలు గీస్తున్నాను. ఏడో నంబరు పక్కన ఒక్క గీత కూడా లేదు. అది నాకు కనబడింది. ఆమె రాలేదు కదా, వచ్చాక అడుగుదాం అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. సుద్ద గీతల మీద మొదటి చినుకులు పడుతుంటే దెగ్లూర్ బావ “పావుస్ ఆలా” అని ఒకే మాట అన్నాడు. వాన వచ్చిందని. ఆ మాటతో సర్కిల్ చెదిరిపోయింది. రైతులు తలా ఒక కవరు పట్టి గుంజుకున్నారు, గుంజులాటలో ఒకటి నిలువునా చినిగింది. ఇరవై నిమిషాలు కొట్టి ఆగిన వానలో మిగతా కుప్పలకు అంచులే తడిశాయి. జాగాలో పల్లం అంటూ ఉన్నది ఒకటే, అక్కడున్నది ఏడో కుప్ప. నీళ్లన్నీ దాని కిందికి చేరాయి.

ఆమె ఆటో దిగేసరికి ఎండ కూడా వచ్చింది. కొంగు కింద పాలిథిన్ సంచిలో జిరాక్సు కాయితాలు పొడిగా ఉన్నాయి. కుప్ప దగ్గర కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి, పిడికెడు తీసి చూసింది. తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండేది.

“ఎవలన్న వద్దన్నరా తమ్మీ, నా వడ్లు కప్పొద్దని?”

లేదన్నాను.

“మరి కప్పమని?”

దానికి కూడా లేదనే చెప్పాల్సి వచ్చింది. ఆమె పిడికిట్లోని వడ్లు వదిలేసి, తడిసినవాటిని రెండు చేతులతో పక్కకు లాగడం మొదలుపెట్టింది.

నేరుగా చాచా దగ్గరికి వెళ్లి, నేను వద్దంటే మాత్రం నువ్వెందుకు ఊరుకున్నావని గొడవకు దిగాను. (తప్పు చేసినవాడికి వచ్చే కోపం చాలా నాణ్యంగా ఉంటుంది.) ఆయన చంకలోని తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“తువ్వాల వేసుడు ఏం పని బేటా, చిన్న పోరడు గూడ వేస్తడు. వేసినంక ముగ్గురు నలుగురు తిడ్తరు గద, గది పడుడే నా పని. నువ్వు ఎవలతోని మాట పడొద్దనుకున్నవ్. అందుకే అందర్ని అడిగినవ్.” నా వంక చూడకుండా, “నేను గూడ మంచోణ్ని గాదు. నువ్వొద్దన్నా తువ్వాల వెయ్యొచ్చుండె. గీ పిల్లగాడు చూడనీ అని పంతానికి కూసున్న. నీ మీది కోపం ఆమె వడ్ల మీద తీసిన” అన్నాడు.

ఆయన గొంతు అట్లా వినడం అదే మొదలు, అదే చివర. ఇద్దరం లేచి గచ్చు దగ్గరికి నడిచాం. తడి వడ్లు రెండు రోజులు కుప్పగా ఉంటే మొలకెత్తుతాయి. పలచగా పరచడానికి గట్టి నేల ఆ గచ్చు ఒక్కటే, అక్కడ కాంటా ఉంది. నేను ఎవరినీ అడగలేదు. కాంటా పక్కకు తీయించి, రెండు రోజులు తూకం బంద్ అని చెప్పి, అక్క వడ్లు గచ్చు మీద పోయించాను. మిగతా ఆరుగురూ తిరగబడ్డారు. మండలంలో బావమరిది ఉన్నాయన నా పుట్టుక గురించి కొత్త సంగతులు చెప్పాడు. సాయంత్రానికి సెక్రటరీ సారు ఫోన్ చేసి, కాంటా ఆపమని ఎవరు చెప్పారని అడిగాడు. నేనే అన్నాను. అంటే ఎవరు అని మళ్లీ అడిగాడు. మళ్లీ నేనే అన్నాను. ఆ తర్వాత ఆయన అన్నవన్నీ విన్నాను. రెండు రోజులు చాచా, నేను, బావ, ఆమె, వరసగా కాళ్లతో ఆ వడ్లను తిరగేశాం. మూడో రోజు పొద్దున మిషను సరే అంది. అడుగున ఉన్నవి మాత్రం అప్పటికే మొలకలొచ్చాయి, వాటిని పక్కకు తీయక తప్పలేదు. ఆసామి మాట సగం నిలబెట్టుకున్నాడు. వచ్చే ఏడుకు ఎకరన్నర ఆమెకిచ్చి, మిగతాది మరిదికిచ్చాడు. ఆ సగం నా చేతి మీదుగా పోయింది. దాన్ని ఏ మాటతోనూ తిరిగి కట్టలేకపోయాను.

మరుసటి పంటకు సెక్రటరీ సారు వేరే సూపర్‌వైజర్‌ను పెట్టుకున్నాడు. నేను చాచా కింద హమాలీగా చేరాను. మొదటి బస్తా ఎత్తినప్పుడు అందరూ పని ఆపి మరీ నవ్వుకున్నారు. తర్వాత చాచా మోకాళ్లు పట్టేసి ఇంటి దగ్గరే ఉండిపోయాడు. ఇప్పుడు హమాలీల మేస్త్రీని నేనే.

మొన్న యాసంగిలో మబ్బు పట్టినప్పుడు ఒక ముసలాయన కుప్ప ముందు కప్పించాను. అక్క కుప్ప ఎత్తులో ఉంది, ఓర్చుకుంటుందనుకున్నాను. చాలామటుకు ఓర్చుకుంది గానీ ఒక పక్క తడిసింది. (ఇప్పుడు ఆమెకు నాలుగెకరాలు, ఆసామి కూడా వేరే.) వాన ఆగగానే నడుముకు కొంగు చెక్కుకుని వచ్చింది. “కండ్లు నెత్తికెక్కినయారా నీకు? ఎవని మొకం చూసి కప్పినవ్ గా కుప్ప? మేస్త్రీవా నువ్వు, మేకలు కాసెటోనివా?” అని అందరి ముందూ మొదలుపెట్టి, మా ఇంట్లో ఎవరినీ వదలకుండా అరగంట దులిపేసింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. వడ్లు తడిసిన ఆనాడు ఒక్క మాటైనా తిట్టని మనిషి అన్నాళ్లకు నోరారా తిడుతుంటే, లోపల ఏదో గట్టిగా ముడిపడి ఉన్నది కొంచెం వదులైనట్టు అనిపించింది. అందరి దగ్గరా మంచివాడు అనిపించుకోవాలని ఉబలాటపడ్డ ఆ ఇరవై మూడేళ్లవాడు గుర్తొచ్చి, తల వంచుకుని ఉన్నాను కాబట్టి ఎవరికీ కనబడకుండా కొంచెం నవ్వుకున్నాను. అక్కకు మాత్రం కనబడింది. దానికి ఇంకో పావుగంట తిట్టింది.