తల ఎటు పోతుంది

ఆటోనగర్‌లో ఎవరో అల్యూమినియం రేకు కోస్తున్నారు. ఆ వేడి వాసన, కాస్త చేదుగా, సముద్రపు గాలితో కలిసి వీధి చివరిదాకా వస్తుంది. అది తగిలితే చాలు, నా కాళ్ళు ఆగిపోతాయి. ఎండా, లారీలూ పలచబడిపోయి, బీడీ పొగలోంచి సింహాచలం మేస్త్రి తేలి వస్తాడు. గాజువాక దారిలో లారీలకు కేబిన్లు కట్టే షెడ్డు ఆయనది. ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన ఇక్కడి విమానాల మైదానంలో కళాసీ. చక్రాలు తెరుచుకోక పొట్ట మీద దిగిన విమానాలను తాళ్ళు కట్టి పక్కకు లాగేవాడు. ఆయన చెబుతుంటే షెడ్డు కప్పు లేచిపోయేది. ఇసుక మీద జారుకుంటూ ఆ విమానం మెల్లగా మా మధ్యకు వచ్చి ఆగేది.

"ఎనక తూటా తగలకుండా ఉక్కు పలక. ఎదర మందపాటి అద్దం. బుజాల మీంచి పట్టీలు. అన్నీ ఉన్నాయిరా. మరి తుపాకీ గురి సూసే ఇనప ముక్కని ఏటి, సరిగ్గా మొహం ముందరే ఎట్టారు! పట్టీ ఒదులైందా, అంతే. ఇమానం బాగానే ఉండేది. పైలట్టుకి మొహం ఉండేది కాదు."

నేను బడికి వెళ్ళింది తక్కువ. తర్వాత యుద్ధవిమానాల పుస్తకాలు దొరికినవన్నీ కూడబలుక్కుని చదివాను. రెక్కల కొలతలకు పేజీలకు పేజీలు! నేల తాకిన ఆ క్షణంలో మనిషి తల దేనికి కొట్టుకుంటుందో వెతికితే ఒక్క పేరా. శత్రువు తూటా నుంచి కాపాడారట, సొంత యంత్రం నుంచి కాపాడాలని తోచలేదట. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలా మండిపడే నేనూ అదే పని చేశాను. మా అక్క మొగుడు, మా బావ, లారీ కొన్నాడు. మొదటిసారి కేబిన్ మొత్తం నేనే కట్టాను. ప్రేమకొద్దీ స్టీరింగు పైన, బావ కళ్ళకు ఎదురుగా, అప్పన్న స్వామి పటానికి ఇనప స్టాండు బిగించాను. మేస్త్రి అప్పుడు ఊళ్ళో లేడు. మర్నాడు వచ్చాక గొప్పగా చెప్పాను.

"ఎక్కడెట్టావు?" అన్నాడు. చెప్పాను. బీడీ పారేసి స్కూటరు తీశాడు, నన్ను వెనక ఎక్కించుకున్నాడు.

పోర్టు గేటు దగ్గర బొగ్గు లోడు కోసం లారీలు బారులు తీరి ఉన్నాయి, వాటిలో బావదీ ఉంది. లోడు పడగానే బావ ఘాట్ రోడ్డు ఎక్కాలి. స్టాండు తీసేయాలని మేస్త్రి అంటే బావ నవ్వాడు.

"ఏటి మేస్త్రీ, అప్పన్నని దించేత్తావా? మీ సెల్లెమ్మ నన్ను ఇంట్లోంచి దించేత్తాది!"

చుట్టూ ఉన్న డ్రైవర్లు కూడా నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. "నా ఈపు మీద సెయ్యేసి తొయ్యి," అన్నాడు నాతో.

నెమ్మదిగానే తోశాను. ఆయన నుదురు నేరుగా వెళ్ళి ఇనప అంచుకు తగిలింది. చిన్న రక్తపు చుక్క పొటమరించింది.

"దేవుడిది తప్పు కాదు బాబూ," అన్నాడు బావతో. "ఈడు ఎట్టిన సోటు తప్పు."

బావ నవ్వు ఆగిపోయింది. సీటు కిందనుంచి పానా తనే తీసి నా చేతిలో పెట్టాడు. పటాన్ని వెనక చెక్కగోడకు కట్టాం. స్టాండు ఒళ్ళో పెట్టుకుని స్కూటరు వెనక కూర్చుని వచ్చాను.

బావ ఆ లారీని ఎన్నడూ దేనికీ గుద్దలేదు. "మరి ఊరికే ఎందుకు తీయించార్రా?" అని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. అయినా ఆ తర్వాత కట్టిన ప్రతి కేబిన్‌లోనూ, అప్పగించే ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, తలను ముందుకు వదిలేశాను. తగిలినచోటల్లా ఇనుము తీసేశాను.

ఇప్పుడు ముసలివాణ్ణి, పానా పట్టలేను. అయినా ఎవరి బండి ఎక్కినా ముందు డ్రైవరు మొహానికి ఎదురుగా ఉన్న గాలిని చూస్తాను. అక్కడ ఏమీ లేదనుకున్నాకే తలుపు వేసుకుంటాను.