ఫ్రిజ్ వెనక వేడి

మా పెద్దమ్మ పోయింది. మొన్న సోమవారం పొద్దున, భద్రాచలం దవాఖానాలో, షుగర్ విపరీతంగా పెరిగి. ఫ్రిజ్ మెకానిక్‌నైన నా ఇంట్లో ఇన్సులిన్ చెడిపోయి చనిపోయిందని డాక్టర్ అనలేదు. ఆ మాట నేనే అంటున్నాను.

అమ్మ లేని నన్ను పెంచింది ఆమే. మణుగూరు బొగ్గు బావిలో పనిచేసిన పెదనాన్న కూడా పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. పెద్దమ్మది మహా గట్టి నోరు. నేను పాత ఫ్రిజ్ ఒకటి బాగుచేసి తెచ్చిన రోజు దాని చుట్టూ తిరిగి, "ఏందిరా, గీ డబ్బాల సల్లదనం యాడికెల్లొస్తది?" అంది.

"సల్లదనం ఒచ్చుడు కాదు పెద్దమ్మా. లోపలి వేడిని పైపులల్ల గ్యాస్ గుంజుకుంటది. కంప్రెసర్ దాన్ని గట్టిగ ఒత్తి ఎన్కకు తోలుతది. ఎన్క జాలీకెల్లి వేడి బయట పడ్తది. చెయ్యి పెట్టి చూడు."

పెట్టి చూసింది. "అవ్‌రా, కాలుతాంది! అంటే మన బాధ తీస్కపోయి పక్కోని నెత్తిన రుద్దుడే గద. మీ పెదనాన్న గూడ గిట్లనే జేసెటోడు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఈ వానాకాలం ముసురు వదల్లేదు. "ఫ్రిజ్ల నీళ్లు సల్లగైతలేవు, జర చూడు బిడ్డా" అని రెండుసార్లు చెప్పింది. "రేపు చూస్త తియ్" అన్నాను. మెకానిక్ ఇంటి ఫ్రిజ్‌కు ఎప్పుడూ రేపే. చల్లగా లేకపోతే చెడిపోయే ఆమె ఇన్సులిన్ సీసాలు అందులోనే ఉండేవి.

ఆరోగ్య కేంద్రం నర్సు ఇంటికొచ్చి రక్తం చూసి షుగర్ బాగా పెరిగిందంది. నేను పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాను. "రోజూ సూది పొడుచుకుంటనే దొంగతనంగ ఏం తింటున్నవ్? సావాలనుంటే చెప్పు!"

అంత నోరున్న మనిషి "ఏం తింటలేను బిడ్డా" అంది, అంతే. మరునాటి నుంచి అన్నం సగం చేసింది. తర్వాత జొన్నరొట్టె ముక్కతో సరిపెట్టింది. అయినా షుగర్ తగ్గలేదు. నేను నమ్మలేదు. చక్కెర డబ్బా దాచాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆమె చీరల మూట కూడా విప్పి వెతికాను.

దహనమైన మూడో నాడు ఇల్లు కడగడానికి ఫ్రిజ్ జరిపాను. వెనక జాలీ నిండా నా బట్టలు. మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒకదాని మీద ఒకటి ఒత్తుగా ఆరేసింది. ముసురులో నేను తడిబట్టలతో పనికి పోకూడదని. వేడి పోయే దారంతా మూసుకుపోయింది. వెనక వేడి ఉంటుందని గొప్పగా చెప్పినవాణ్ని, దానికి గాలి తగలాలని చెప్పలేదు. తలుపు తీసి ఇన్సులిన్ సీసా పట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది.

ఆమె మీద అరిచిన పూట కూడా బయట వాన దంచుతోంది. నా ఒంటి మీది చొక్కా మాత్రం పొడిగా, వెచ్చగా ఉంది. ఎట్లా ఆరిందని నేను అడగలేదు.