ఒక బిందె నీళ్ళు

పళ్ళిపట్టు నుంచి తిరుత్తణి పోయే బస్సులో నా పక్కన ఒక ముసలి మేస్త్రీ కూర్చున్నాడు. ఎండకు ఇద్దరం వాడిపోయి ఉన్నాం. కిటికీలోంచి కొత్త సర్కారు బడి కనబడగానే చెయ్యి చూపించాడు.

“అది మేం కట్టిందే సార్. మిద్దె మీది వాన నీళ్ళు భూమిలోకి ఇంకాలని రూలు. పైపు దించినాము, కింద ఇంకుడు గుంత మాత్రం వద్దన్నాడు కాంట్రాక్టరు. ఇప్పుడు బోరు ఎండిపోయె. పిల్లోళ్ళు ఇంటికాడ నుంచి నీళ్ళు మోసుకుపోతా ఉండారు.”

ఎవరూ చూడలేదా అని అడగకుండా ఉండలేకపోయాను.

“ఇంజనీరు వచ్చినాడంట, ఆ పొద్దు నేను పనిలో లేను. పైపును ఫోటో తీసుకొని పోయినాడంట. ఒక బిందె నీళ్ళు పోసింటే గుంత లేదని తెలిసిపోయుండు.”

ఆ ఫోటో నా ఫోన్‌లోనే ఉంది. తల వంచుకుని టికెట్టు మడత పెడుతూ కూర్చున్నాను.

ఇప్పుడు ఏ కట్టడం తనిఖీకి వెళ్ళినా ముందు ఒక బిందె నీళ్ళు అడుగుతాను. ఆ బడికి మాత్రం ఇంకా మళ్ళీ వెళ్ళలేదు.