రాగిబిళ్లలకు తగిలిన దెబ్బ

నరసరావుపేటలో ఇల్లు కట్టుకున్నప్పుడు శిల్పులుండే దుర్గి నుంచి రాతి పలక చెక్కించి తెచ్చాను. అందులో నా పేరు ముందు ‘డా.’ కోసం కాస్త చోటు వదిలించాను. ఇంటికి రెండోసారి రంగులు కూడా వేయించాం, ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను. యూనివర్సిటీ ఇవ్వగలిగిన గడువులన్నీ ఇచ్చేసింది. సోమవారం కమిటీకి ఫలితాలు చూపించకపోతే నా పేరు కొట్టేస్తారు.

పని చెప్పుకోవడానికి తేలికే. రాగిరేకును రోలర్ల మధ్య నలిపితే లోపలి స్ఫటికాలు దువ్విన జుట్టులా ఒక వరసకు వస్తాయి. రేడియేషన్ తగిలితే ఆ వరస ఎంత చెదురుతుందో చూడాలి. నా బట్టతల మీద ఈ పరిశోధన ఎప్పుడో ముగిసింది. ఎక్కడో దూరాన ఉన్న ల్యాబు వాళ్లను బతిమాలి ఆ రేకులోంచి కోసిన మూడు రాగిబిళ్లలకు ఆ రేడియేషన్ దెబ్బ కొట్టించుకొచ్చాను, ఇక కొలవడమే మిగిలింది. ఆ దెబ్బ పైపైనే ఉంటుంది, వెంట్రుక మందంలో పిసరంత కూడా ఉండదు. ముట్టుకున్నా ఏమీ కాదని ఇంట్లో అందరికీ నేనే ధైర్యం చెప్పాను.

మా ఇంట్లో స్నానం చేయకుండా ఎవరూ చెయ్యి పెట్టని చోటు దేవుడి గూడు ఒక్కటే. బిళ్లల్ని అక్కడ దాచాను. గూట్లో ఉన్న రాగీ ఇత్తడీ మొత్తం అమ్మ శుక్రవారం చింతపండుతో తోముతుందని నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ నా తెలివి ఒకసారికి ఒక్క విషయం మీదే పనిచేస్తుంది.

శుక్రవారం కాలేజీ నుంచి వచ్చేసరికి మూడు బిళ్లలూ తళతళలాడుతున్నాయి, మధ్యలో కుంకుమ బొట్లతో సహా. గుమ్మంలోనే కూలబడ్డాను.

“ఏందిరా, అట్టా కూర్చున్నావు?” అంది అమ్మ.

“వాటినెందుకు తోమావమ్మా?”

“నిన్న ఫోన్లో మీ సారుతో నువ్వే అంటివి గదా, పైన చానా దెబ్బతిన్నయ్యని. సోమవారం అయ్యి చూపించకపోతే నీ చదువు పోద్దని గూడా అంటివి. దెబ్బతిన్నయ్యి నలుగుర్లోకి ఎట్టా తీసకపోతావురా? చింతపండుకు లొంగలా. ఇటుకపొడేసి, పైపొర పోయిందాకా తోమా.”

అరుద్దామని లేచాను. ఆమె చేతులు చూశాను. కీళ్లనొప్పులతో అన్నం కలుపుకోవడానికే లేవని వేళ్లు. గోళ్ల పక్కన చర్మం లేచి ఎర్రగా ఉంది. నా చదువు సంగతి ఎత్తితే ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు, నాతో సహా. అది పూర్తవుతుందని ఇంకా నమ్ముతున్నది ఈవిడ ఒక్కతే.

“మొత్తం పోయిందా, ఇంకా ఏమన్నా మిగిలిందా?” అని ఆత్రంగా అడిగింది.

“ఏమీ మిగల్లేదమ్మా. శుభ్రంగా పోయింది.”

అమ్మ తృప్తిగా చేతులు కొంగుకు తుడుచుకుని, సోమవారానికి ఏ చొక్కా ఇస్త్రీకి ఇయ్యమంటావని అడిగింది.