కొండ అవతలి శుక్రుడు

మా అక్క ఆత్మకూరు హాస్టల్లో ఉండి పదో తరగతి చదివింది. ఆ చదువులో నాకు చేరింది ఒక్కటే, ఆకాశంలో గ్రహాల్ని గుర్తుపట్టడం. ఉదయగిరిలో మా మిద్దె మీద పక్కన పడుకోబెట్టుకుని చెప్పేది: "మినుకు మినుకుమంటే చుక్క. కదలకుండా నిన్నే చూస్తా ఉంటే అది గ్రహం." తెల్లగా పెద్దగా ఉంటే గురుడు. ఎర్రగా ఉంటే కుజుడు. పొద్దు గూకగానే పడమట అన్నిటికంటే ఎక్కువగా వెలిగితే శుక్రుడు.

డెబ్భైల చివర్లో కాన్పు కష్టమై అక్క పోయింది. బిడ్డ బతికాడు. ఏడాది లోపలే నన్ను బావకిచ్చి చేయాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. బావ చెడ్డవాడు కాదు. కానీ ఆయన మా ఇంటికొచ్చినప్పుడల్లా వెనకే అక్క వస్తుందేమోనని నేను వాకిలి వైపు చూసేదాన్ని. అలాంటి మనిషితో కాపురం ఎలా చేస్తారో నాకు తెలియదు. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. అక్క పోయినప్పుడు ఏడుపూ రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

అంతలో శుక్రమూఢం వచ్చింది. శుక్రుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనిపించని ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చేయరు. "శుక్రుడు మళ్ళా పడమట కనపడినాక చూద్దాంలే," అన్నాడు నాయన. ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. రోజూ దీపాలు పెట్టే వేళకి మిద్దెక్కేదాన్ని. నడినెత్తిన గురుడు, కొంచెం తూర్పుగా కుజుడు. పడమట నల్లగా మా దుర్గం కొండ. శుక్రుడు లేడు. కిందికి దిగి నిమ్మళంగా అన్నం తినేదాన్ని.

ఒకరోజు ఉగాదికి బట్టలని చెప్పి నాయన నన్ను ఆత్మకూరు తీసుకెళ్ళాడు. అంగడాయన విసుక్కునేదాకా చీరలు విప్పించి ఏరాను. చాలా రోజుల తర్వాత నాకు ఒక వస్తువు కావాలనిపించింది. బస్టాండుకొచ్చేసరికి పొద్దు గూకింది. అక్కడ పడమట కొండ లేదు. ఇళ్ళ కప్పుల పైన, ఆకాశం ఇంకా ఎర్రగా ఉండగానే, కదలకుండా నన్నే చూస్తున్నాడు.

"ఏంది, అట్ట నిలబడిపోయినావు?" అన్నాడు నాయన.

"శుక్రుడు, నాయనా."

"వచ్చి శానా దినాలైందంట గదమ్మా. అయ్యవారు ముహూర్తం గూడా పెట్టినాడు. మన ఊళ్ళో కొండ అడ్డం, అంతే." చేతిలోని పొట్లం చూపించాడు. "ఇది దానికే."

నాకు కొండ సంగతి తట్టనేలేదు. పుట్టినప్పటి నుంచీ పొద్దు దాని వెనక్కే పోవడం చూశాను. మూఢం వదిలి కొత్తగా, కిందుగా కనపడే శుక్రుడికీ అదే అడ్డమని అనుకోలేదు. పైగా గ్రహాలన్నీ తెలుసని నీలుగుడొకటి. కోపం రావాల్సింది. రాలేదు. బస్సెక్కి కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి అమ్మ అక్క కొడుకుని భుజాన వేసుకుని జోకొడుతోంది. నన్ను చూసి వాకిట్లోకొచ్చింది.

"చీర ఏ రంగు తీసుకున్నావే?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పొట్లం విప్పి, చూసి, చెప్పాను.