బోర్డుకెక్కని రోజు

కోరుట్లలో మా రీడింగ్ రూమ్ ముందున్న నల్లబోర్డు మీద 'చరిత్రలో ఈ రోజు' అని రోజూ ఐదు విశేషాలు రాస్తాను. పాత నోటుబుక్కులో ఆ తేదీకి ఉన్నవే ఏటా దించేస్తాను. ఈ రోజూ ఒక యుద్ధం, ఒక పట్టాభిషేకం, ఒక రాకెట్ వగైరా రాశాను. పెయింటర్ రహీం భాయ్ బిడ్డ వచ్చి అన్నీ చదివింది.

"మా అబ్బాజాన్ పోయింది గిదే దినం గద సార్. పోయినేడు ఖబరస్తాన్ దాక మీరు గూడ అచ్చిండ్రు."

"ఒకటి తుడిచి రాస్త బిడ్డా" అంటూ డస్టర్ అందుకున్నాను.

"ఏదీ తుడ్వకుండ్రి సార్. మీకు యాదికుందో లేదో అని సూసిన, గంతే" అని వెళ్లిపోయింది.

బోర్డు పైన తెల్ల పెయింటుతో ఆ శీర్షిక రాసింది రహీం భాయే. ఇన్నేళ్లుగా దాని కిందే సుద్దముక్కతో రాస్తున్నాను. మీరైతే ఆ ఐదింటిలో ఏది తుడిచేవాళ్లు?